పెద్దక్క బరువుకు తగిన బోర్డు

ఫ్రీ సైజు అనే మాట కనిపెట్టినవాడు ఎక్కడైనా ఎదురుపడితే గట్టిగా నాలుగు అడగాలని నాకు ఎప్పటినుంచో ఉంది. జగ్గయ్యపేటలో నాకు ఆడవాళ్ల రెడీమేడ్ బట్టల కొట్టు ఉంది. ఫ్రీ సైజు అని చీటీ అంటించుకుని వచ్చిన నైటీ బక్కపల్చటివాళ్లకి గోనెసంచిలా వేలాడుతుంది, ఒళ్లున్నవాళ్లకి చంకల దగ్గర పట్టేస్తుంది. మధ్యలో నలుగురికి సరిపోతే చాలు, అందరికీ సరిపోయిందని రాసేస్తారు. గుమ్మంలోకి వచ్చిన మనిషిని చూసి, టేపు తియ్యకుండానే ఎమ్మా, ఎల్లా, డబుల్ ఎక్సెల్లా చెప్పగలనని నాకు కొంచెం పొగరు కూడా ఉంది. ఆ పొగరు చూసే మా తమ్ముడు నన్ను బోర్డు గొడవలోకి లాగాడు.

తమ్ముడంటే మా పిన్ని కొడుకు. దుబాయిలో కొన్నేళ్లు బోట్ల దగ్గర పనిచేశాడు. మొదట్లో కడిగేవాడు, తరవాత ఇంజన్లు బాగుచేశాడు, ఆఖరికి నడిపాడు. తిరిగొచ్చాక ఇంకో స్నేహితుడితో కలిసి ఒక పాత బోటు కొని లారీ మీద తెప్పించాడు. వేదాద్రి రేవుకి ఎగువన, స్నానాలు చేసేవాళ్లకి బాగా దూరంగా, కృష్ణ లోతుగా నిలిచే చోట దాన్ని నీళ్లలోకి దించాడు. టిక్కెట్టు పెట్టి జనాన్ని ఎక్కించడానికి ఇంకా అనుమతి రాలేదు. ఈలోగా ఇంట్లోవాళ్లతో అన్నీ సరిచూసుకుంటానన్నాడు.

"మనోళ్లలో అన్ని సైజులూ ఉన్నాయి చిన్నక్కా. మనకి కుదిరితే ఊరందరికీ కుదిరినట్టే," అన్నాడు.

వాడు చెప్పిన ఆట పేరు వేక్ సర్ఫింగ్. బోటు నీళ్లని చీల్చుకుంటూ పోతుంటే వెనక ఒక అల లేస్తుంది. ఆ అల మీద ఒక బోర్డు వేసుకుని నిలబడటమే ఆట. మొదట బోటుకి కట్టిన తాడు పట్టుకుని లేవాలి. అల కాళ్ల కిందికి వచ్చాక తాడు వదిలెయ్యాలి. మనిషి బోటుకి అంత దగ్గరగా ఉంటాడు కాబట్టి వెనక బయటికి ఇంజను వేలాడే బోట్లు దీనికి పనికిరావట. నీళ్లని వెనక్కి తోసే ఫ్యాను బోటు పొట్ట కింద, మనిషికి అందనంత లోపలికి ఉండాలట. వాడి బోటు అలాంటిది.

"తాడు వదిలేస్తే మనిషిని లాగేదెవరు?" అని అడిగాను.

"ఎవరూ లాగరు. అల తోసిద్ది."

ఆ మాట నన్ను చాలా రోజులు పట్టుకుంది. గాలి తొయ్యడం తెలుసు, జనం తొయ్యడం తెలుసు. ముందుకు పోతున్న నీళ్ల గుట్ట, తన మీద నిలబడ్డ మనిషిని వెంట తీసుకుపోవడం ఏమిటో ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. కొట్టులో చీరలు మడతపెడుతూ దాని గురించే ఆలోచించాను. మా ఆయన నాకు ఏదో జబ్బు చేసిందనుకున్నాడు.

అల ఊరికే లేవదని మాత్రం ముందుగానే తెలిసింది. బోటు వెనక భాగం నీళ్లలోకి కుంగాలి. అదీ మనిషి ఏ పక్కన ఆడతాడో ఆ పక్కకి వాలి కుంగాలి. దుబాయిలో అయితే బోటు లోపలే నీళ్లు నింపుకునే తిత్తులు ఉంటాయట. ఇక్కడ తమ్ముడు యూరియా సంచుల్లో ఇసుక నింపి రెండు పక్కలా సర్దాడు. వాటికి తోడు మనుషులు కావాలి. అలా మొదటిసారి అందరం బోటెక్కిన రోజున వాడి కన్ను మా అక్క మీద పడింది.

అక్క నందిగామలో లెక్కల టీచరు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. మనిషి పొడగరి, దానికి తగ్గట్టు లావు, కాదు, తగ్గట్టు కంటే చాలా ఎక్కువ లావు. ఆవిడకి బట్టలు నేనే కుట్టించి పంపుతాను. ఆ సైజు ఏ కంపెనీవాడూ పంపడు.

"పెద్దక్కా, నువ్వు ఎడమ పక్క, ఆ వెనక మూల కూర్చో," అన్నాడు తమ్ముడు. అక్క వెళ్లి కూర్చుంది. బోటు ఆ పక్కకి ఒరిగింది. కదిలిన కాసేపటికి మా వెనక నున్నగా, ఆకుపచ్చగా ఒక అల లేచి మమ్మల్ని వదలకుండా వెంటబడింది. తమ్ముడు స్టీరింగు దగ్గర నుంచి వెనక్కి తిరిగి చూసి మురిసిపోయాడు.

"పెద్దక్క ఒక్కతే నాలుగు సంచుల పెట్టు. కదలమాకు పెద్దక్కా, నువ్వు కదిల్తే అల చెడిపోయిద్ది."

అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. ఏదో అనబోతుంటే అక్క నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. ఆ తరవాత వెళ్లిన ప్రతిసారీ ఎవరూ చెప్పకుండానే ఆవిడ వెళ్లి ఆ మూల కూర్చునేది. పిన్ని దానికి "పెద్దదాని చోటు" అని పేరు కూడా పెట్టింది. పులిహోర డబ్బా మూత తీస్తే అందరం లేచి తిరిగేవాళ్లం. అక్కకి మాత్రం విస్తరి ఆ మూలకే వెళ్లేది.

అల కుదిరింది గనక ఇక బోర్డు తేవాలి. ముందు ఒక్కటే తెద్దామన్నాడు తమ్ముడు. అమ్మేవాడు మూడింటి ఫోటోలు పంపాడు. ఒకటి నాలుగున్నర అడుగులది, మొనదేలి, పల్చగా ఉంది. మధ్యది అయిదడుగులు. మూడోది అయిదున్నర, మూతి గుండ్రంగా, వెడల్పుగా, మా వంటింట్లో చపాతీల పీట సాగదీసినట్టు ఉంది. మూడింటికీ పైన మెత్తటి నురుగు అట్ట అంటించి ఉంది, పడితే దెబ్బ తగలకుండా. అడుగున చేప రెక్కల్లాంటివి బిగించుకోవాలి.

నేను వెంటనే ఎత్తులు కొలవడం మొదలుపెట్టాను. పొట్టివాళ్లకి పొట్టి బోర్డు, పొడుగువాళ్లకి పొడుగు బోర్డు, ఇందులో తెలియనిదేముంది అనుకున్నాను. తమ్ముడు నా టేపు చూసి తల అడ్డంగా ఊపాడు. దీనికి ఎత్తు కాదు, బరువు చూడాలట. అది నాకు నమ్మబుద్ధి కాలేదు. బరువు చూసి సైజు ఇచ్చే కొట్టు నేనెక్కడా చూడలేదు.

అందుకని నా కొట్టు వెనక సిమెంటు తొట్టిలో సొంతంగా పరీక్ష పెట్టుకున్నాను. మిక్సీ పెట్టెలో వచ్చిన థర్మకోల్ ముక్కల్ని ఒకే పొడవుకి కోశాను. ఒకటి పల్చటిది, ఒకటి మందపాటిది, ఒకటి వెడల్పుది. వాటి మీద ఉప్పు ప్యాకెట్లు పెడుతూ పోయాను. పల్చటిది ఒక్క ప్యాకెట్టుకే మునిగింది. అదే పొడవున్న మందపాటిది మూడింటిని మోసింది. నేను ఇంకా లోతుగా వంగి చూస్తుంటే, ఆ వేళకి నందిగామ నుంచి వచ్చిన అక్క నా వెనక నిలబడి ఉంది.

"నీళ్లకి పొడుగు తెలీదే. లోపల ఎంత చోటు తీసుకున్నావో అదే తెలుసు," అంది.

"అంటే మందం, వెడల్పు, పొడవు, అన్నీ కలిపా?"

"అన్నీ కలిపే. నువ్వు జాకెట్టుకి ఒక్క పొడవే చూసి గుడ్డ కొంటావా?"

అప్పుడు తలకెక్కింది. ఇక నా కుతూహలానికి పట్టపగ్గాలు లేవు. ఫోన్లో దొరికినవన్నీ చూశాను. నేర్చుకునేవాళ్లకి కాస్త పెద్ద బోర్డే మంచిదట, నిదానంగా ఉంటుంది, తడబాటుని క్షమిస్తుంది. మరీ పెద్దదైతే చిన్న మనిషి మాట వినదు, తిప్పితే తిరగదు. చిన్నదైతే పెద్ద మనిషి కింద తేలనే తేలదు. ఇంట్లో అందరికీ ఒకటే కొనేటట్టయితే, ఎక్కబోయేవాళ్లలో ఎక్కువ బరువున్న మనిషిని బట్టి కొనాలి. ఫ్రీ సైజు మీద నా కోపానికి ఇన్నాళ్లకి ఒక న్యాయమైన సూత్రం దొరికిందని తమ్ముడికి ఫోను చేసి మరీ చెప్పాను.

ఆ ఆదివారం చర్చి అయ్యాక మా ఇంట్లో అందరం అన్నాలకి కూర్చున్నప్పుడు వాడు ఆ మాట మళ్లీ ఎత్తాడు. "చిన్నక్క చెప్పింది నిజమే. కానీ ఎక్కేవాళ్లలో అని కదా లెక్క. మనలో బరువున్నాళ్లు ఎక్కరు కదా. మధ్యది చాలు."

పిన్ని నా కంచంలో అడక్కుండానే పప్పు వేసింది.

"నేను ఎక్కుతా," అంది అక్క.

నేను ఆవిడ మొహంలోకి చూశాను. వేళాకోళం కాదు.

అక్క ఇంటరు చదివేటప్పుడు ముక్త్యాల రేవులో బాప్తిస్మం తీసుకుంది. నేను తువ్వాలు పట్టుకుని గట్టు మీద నిలబడ్డాను. తెల్లబట్టల్లో ఒక్కొక్కరే నడుముల్లోతుకి వెళుతుంటే పాస్టరుగారు ఒక్కరే వెనక్కి వాల్చి ముంచి లేపుతున్నారు. అక్క వంతు వచ్చేసరికి ఆగి, గట్టు మీదున్న సంఘపెద్ద ఒకాయన్ని చెయ్యి ఊపి నీళ్లలోకి పిలిచారు. ఆయన పంచె ఎగ్గట్టుకుని దిగుతుంటే మా వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అక్క నీళ్లలోంచి లేచాక నా దగ్గర తువ్వాలు తీసుకుని మొహం చాలాసేపు తుడుచుకుంది. ఆ రోజు తరవాత ఆవిడ కృష్ణలో కాలు పెట్టింది లేదు. బోటు ఎక్కడానికి కూడా చెక్క వంతెన మీద నుంచే వచ్చేది. అలాంటి మనిషి ఎక్కుతానంది. ఆవిడకి సరిపోయే బోర్డు తేవడం ఇక నా పని అనుకున్నాను. తప్పు బోర్డు తెస్తే మళ్లీ గట్టు మీద ఎవరో నవ్వుతారు.

బోర్డు ఎంచాలంటే అందరి బరువులూ తెలియాలి. మా ఇళ్లలో బరువు చూసుకునే మిషన్లు మంచాల కింద దుమ్ముకొట్టుకుని ఉంటాయి, ఎవరూ నలుగురిలో ఎక్కరు. అప్పుడు మా మేనమామ, "దానికేముంది, కాటా మీద చూద్దాం రండి," అన్నాడు. నందిగామ దగ్గర పత్తి కొనే యార్డులో ఆయన జన్మంతా కాటా దగ్గరే గడిపాడు. ఈమధ్యే మానేసినా అక్కడ ఆయన మాటకి ఇంకా చెల్లుబాటు ఉంది. పత్తి రాని రోజు చూసి, అందరం వెళ్లాం.

నేల మీద పెద్ద ఇనుప పలక. అంకెలు కనపడే పెట్టె మామయ్య వైపు తిరిగి ఉంది. మూలమూలలా దూది తేలుతోంది. పిన్ని ఎక్కింది, ఆయన అంకె చదివాడు. మా ఆయన ఎక్కాడు, చదివాడు. నేను ఎక్కాను. నాకు చెప్పిన అంకె నేననుకున్నదానికంటే తక్కువ. రాత్రిళ్లు అన్నం మానేసినందుకు ఫలితం కనపడిందని సంతోషపడ్డానే తప్ప ఆ పెట్టె వైపు తొంగి చూడలేదు. సంతోషపెట్టిన కొలతని ఎవరూ రెండోసారి కొలవమనరు. మా కొట్టులో రోజూ చూస్తున్నదే, అయినా నాకు తట్టలేదు.

అక్క ఆఖరున ఎక్కింది. చెప్పులు విప్పింది, హ్యాండుబ్యాగు నా చేతికిచ్చింది, వాచీ కూడా తీసింది. మామయ్య అంకెల వంక చాలాసేపు చూశాడు. తరవాత ఒక అంకె చెప్పాడు. అదెంతో ఇక్కడ రాయను, అది అక్క సొంత విషయం. మధ్య బోర్డు మొయ్యగలిగిన బరువుకి అది కాస్త లోపలే ఉంది.

"అయితే మధ్యది సరిపోయిద్ది," అన్నాడు తమ్ముడు, గుండె మీద బరువు దించుకున్నట్టు. నాకూ హాయిగా అనిపించింది. అక్క కిందికి దిగి చెప్పులేసుకుంటూ, "సరే," అంది. చిన్నగా నవ్వింది కూడా.

బోర్డు వచ్చింది. నీలం రంగు. మొదట వాసన చూశాను, కొత్త చెప్పుల వాసన. గోటితో కొడితే డొల్లగా మోగింది. లైఫ్ జాకెట్ల దగ్గర మాత్రం నా టేపు గౌరవం నిలబడింది. వాటికి చూడాల్సింది ఛాతీ కొలత, బిగుతుగా పట్టాలి, పైకి లాగితే చెవుల దాకా రాకూడదు. అక్క కొలతకి దొరికేదాకా నేను ఊరుకోలేదు. వారం రోజులు సాయంత్రాలు మా డాబా మీద సాధన చేశాం. వెల్లకిలా వెనక్కి వాలి కూర్చుని, మడమలు బోర్డు అంచు మీద పెట్టి, తువ్వాలు చివర పట్టుకోవాలి. రెండో చివర తమ్ముడు పట్టుకుని లాగేవాడు.

"మోకాళ్లు ఛాతీకి. చేతులు చాపే ఉంచు. నువ్వు లాగమాకు పెద్దక్కా, బోటే నిన్ను లేపిద్ది."

అక్క చెమటలు కక్కుతూ చేసింది. క్లాసులో పిల్లలు పాఠం వినాలని ఆవిడ ఎలా కోరుకుంటుందో, ఆవిడ అలా విన్నది.

ఆ రోజు మధ్యాహ్నం గాలి లేదు. నీళ్లు ఇస్త్రీ చేసినట్టు ఉన్నాయి. పిన్ని ప్రార్థన చేసింది, ఎప్పటిలాగే పొడుగ్గా, ఆసుపత్రుల్లో ఉన్నవాళ్లందరినీ కలుపుకుని. మొదట తమ్ముడు దిగి చూపించాడు, స్నేహితుడు బోటు నడిపాడు. తాడు వదిలేసి వాడు ఖాళీ చేతులతో అల మీద నిలబడి మా వెంట రావడం చూసి నేను లేచి నిలబడిపోయాను. ఎంత దూరం పోయినా వాడు అక్కడే ఉన్నాడు. అల ఎప్పుడూ కిందికి జారే దిబ్బలా ఉంది, వాడు ఆ దిబ్బ మీద నుంచి జారుతూనే ఉన్నాడు, దిబ్బ మాత్రం అయిపోవడం లేదు. తొయ్యడమంటే అదన్నమాట.

తరవాత నేను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు, అందరికీ కొలతలు చెప్పిన నేను లేచిన మరుక్షణం మొహం మీద పడ్డాను. ముక్కులోకి కృష్ణ అంతా వెళ్లింది. మళ్లీ లేచాను, ఈసారి తాడుతో కాసేపు నిలబడ్డాను. బోర్డు నాకు పెద్దది. చిన్నప్పుడు అమ్మ జాకెట్టు వేసుకున్నట్టు, నేను ఒక పక్కకి వాలితే అది తన దారిన అది పోయింది. కానీ ముంచలేదు. తమ్ముడు తాడు వదలమని అరిచాడు, నాకు ధైర్యం చాలలేదు. ఈ సేపంతా అక్క ఆ మూలలోనే కదలకుండా కూర్చుంది.

"నేను దిగుతా," అంది.

వెనక నిచ్చెన మెట్లు పట్టుకుని ఒక్కొక్కటే దిగింది. నీళ్లు నడుము దాటేటప్పుడు ఆవిడ కళ్లు మూసుకోవడం నేను చూశాను. లైఫ్ జాకెట్టు ఆవిడని పైకి తేల్చింది. మడమలు బోర్డు మీద పెట్టింది, తాడు పట్టుకుంది, తల ఊపింది. బోటు కదిలింది.

బోర్డు పైకి రాలేదు. దున్నుతున్న నాగలిలా నీళ్ల అడుగునే ముందుకు పోయింది. అక్క తాడు వదిలేసింది. రెండోసారీ అంతే. ఇంకోసారి లేచి నిలబడింది కూడా. నేను చప్పట్లు కొట్టబోయాను. కానీ ఆవిడ నిలబడిన చోటే నెమ్మదిగా, పాదాలు, చీలమండలు, మోకాళ్ల దాకా దిగబడిపోయింది. ఎవరో మంచం కోళ్లు బురదలోకి నొక్కుతున్నట్టు. వెనక అల కూడా పిల్లకాలవంత పల్చగా ఉంది.

"వద్దులేమ్మా," అంది పిన్ని, ప్రేమగానే. "నీకెందుకియ్యన్నీ. పైకొచ్చి నీ చోట్లో కూర్చో."

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. బోర్డు మోసే బరువు చూశాను, అక్క బరువు చూశాను, రెండూ సరిపోయాయి. ఎక్కడ తప్పింది? నాలో నేను అనుకుంటున్నానని అనుకుని పైకే అన్నాను. మామయ్య గొంతు సవరించుకున్నాడు.

"తరుగు తీసా," అన్నాడు.

"ఏం తరుగు?"

"కాటా మీద దేనికైనా తరుగు తీసే చెప్తాం కదమ్మా. గోనెకింత, చెమ్మకింత అని. నోరు అట్లా అలవాటైపోయింది. మీ అందరికీ తీసా."

"అక్కకెంత తీశావు?"

ఆయన నీళ్ల వైపు చూశాడు. "కొంచెం ఎక్కువే తీసా. చిన్నప్పట్నుంచి దాన్ని అందరూ ఆ అంకెతోనే చూశారు. నా నోటితో నేను చెప్పలేకపోయా."

ఆయన మీద అరవాలనుకుని నోరు తెరిచాను. బోటు అంచు అవతల, బోర్డు మీద మోచేతులు ఆనించి తేలుతున్న అక్క అన్నీ వింటోంది.

"నాకు తెలుసు మామయ్యా," అంది. "పిల్లల బరువులు చూసే మిషను స్టాఫ్ రూములో నా కుర్చీ పక్కనే ఉంటది."

"మరి అప్పుడే చెప్పొద్దా?" అన్నాను నేను.

"అంత తక్కువ చెప్పేసరికి బావుంది. కాసేపు ఆ అంకెలో ఉందామనిపించింది." నిచ్చెన పట్టుకుంది. "పోన్లేవే. ఇంటికి పోదాం."

"పెద్ద బోర్డు వచ్చే నెల తెప్పిస్తా పెద్దక్కా," అన్నాడు తమ్ముడు తల దించుకుని.

వచ్చే నెల ఆవిడ రాదని నాకు తెలుసు. ఇప్పుడు ఈ నిచ్చెన ఎక్కితే మళ్లీ దిగదు. ఎక్కి నేరుగా ఆ మూలకే వెళుతుంది. నేను ఆ మూల వంక చూశాను. అక్క కూర్చున్న మెత్త ఇంకా గుంటపడే ఉంది. దాని మీద ఎవరూ లేరు. అప్పుడు వెలిగింది నా బుర్ర.

"తమ్ముడూ, నువ్వు ఆడినప్పుడు ఈ మూల ఎవరున్నారు?"

"పెద్దక్క."

"నేను ఆడినప్పుడు?"

"పెద్దక్కే."

"అక్క ఆడినప్పుడు ఎవరున్నారు?"

వాడు నా వంక, మెత్త వంక, వెనకున్న పల్చటి నీళ్ల వంక చూశాడు. "అల పెద్దదైతే బోర్డు కాస్త చిన్నదైనా మోసిద్దా?" అని అడిగాను. వాడు కుడి పక్కనున్న ఇసుక సంచి ఒకటి పట్టుకుని ఎడమ మూలకి ఈడ్చాడు. మా ఆయన ఇంకొకటి పట్టుకున్నాడు. సంచులన్నీ చేరాక తమ్ముడు స్టీరింగు దగ్గరికి వెళ్లాడు, నేను పిన్నిని తీసుకెళ్లి మెత్త మీద కూర్చోబెట్టాను. ఆవిడ పక్కన మామయ్య, ఆయన్ని ఆనుకుని మా ఆయన, తమ్ముడి స్నేహితుడు. ఆఖరికి నేను వాళ్ల మధ్య దొరికిన సందులో ఇరుక్కున్నాను. పులిహోర డబ్బా కూడా ఒళ్లో పెట్టుకున్నాను. రాత్రిళ్లు అన్నం మానేసినందుకు జీవితంలో మొదటిసారి చింతించాను.

బోటు ఎడమకి వాలింది. "అబ్బా, నా కాలు," అంటూ మామయ్య మూలిగాడు. ఎవరూ జరగలేదు. జరగడానికి చోటు లేదు.

"అక్కా, ఇంకొక్కసారి," అన్నాను.

ఆవిడ నిచ్చెన పట్టుకునే ఉంది. మమ్మల్ని వరసగా చూసింది. ఒకరి మీద ఒకరం పడి, ఒక్క మూలలో కుక్కుకుని ఉన్న ఇంతమందిమి, తను ఒక్కతే కూర్చునే చోట. తరవాత నిచ్చెన వదిలేసింది.

బోటు కదిలింది. ఈసారి లేచిన అల నేను అంతవరకు చూడనిది. మా భుజాల వెనకే, చేతికందేంత దగ్గర్లో, నిండు కుండలా పొంగుతూ వచ్చింది. బోర్డు ముందు కాస్త మునిగింది, పైకి వచ్చింది. అక్క ఒంగి, తడబడి, లేచింది. నీళ్లు ఆవిడ పాదాల దగ్గరే ఆగాయి. తాడు బిగుతుగా ఉంది. కొంచెం సేపటికి అది వదులై, మధ్యలో కిందికి వేలాడింది. ఇక దాన్ని లాగేది ఎవరూ లేరు.

"వదిలెయ్ పెద్దక్కా," అన్నాడు తమ్ముడు.

అక్క తాడు వంక చూసింది. చెయ్యి తెరిచింది. తాడు నీళ్లలో పడి మా పక్కన కొట్టుకుంటూ వచ్చింది. ఆవిడ మాత్రం అక్కడే ఉంది, రెండు చేతులు పక్కలకి చాపి, మా అందరికంటే ఎత్తులో, కృష్ణ మధ్యలో, ఎవరూ పట్టుకోకుండా. పిన్ని ఏడుస్తూ లేవబోయింది.

అప్పుడు అక్క, వెనక బెంచీ దాకా వినపడే తన క్లాసు గొంతుతో, నింపాదిగా అంది.

"ఎవరూ కదలమాకండి. కదిలితే అల చెడిపోయిద్ది."

మేం కదల్లేదు.